నిలువయున్న యింటికే నిబ్బరము

(నెక్కొండలో పఠనమందిర సభ్యుల యెదుట చేసిన యుపన్యాస పాఠము)



దేశకాల పరిస్థితులను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మీరు కోరితిరి. ఈ కోరిక మాకు సంతోషమును గలిగించినది. కొంత సంకోచమును గూడ గలిగించినది. వార్తను వినుటతో తృప్తి నొందక, పదిమంది కూడి కూర్చుండి దానిని విచారించు నలవాటు మన యూళ్లలో నింకను చావలేదని తెలియుట సంతోషము. ఇక సంకోచమా, ఈ కాలమున వార్తలకు కొదువ లేదు. ప్రతివాని జేబులోను ఒక పత్రిక, ఒక నాటకశాల, ఒక రచ్చబండ కలవు. కావున మేము క్రొత్త వార్తలను దెచ్చితిమని చెప్పుకొనము. మీరు విన్న వార్తలనే యొకదాని ప్రక్క నొకటి పెట్టి తూచి చూతము. ఆ తూకమునకు మన మార్కెట్టు యార్డులోని కాంటా చాలును.

ప్రపంచ రాజకీయములతో నెక్కొండకు పనియేమి యని యడుగువారుందురు. ఈ ప్రశ్నకు రైలుపట్టాలే సమాధానము చెప్పగలవు. నిజాము సంస్థానపు రైలుమార్గము ఓరుగల్లు మీదుగా సాగి 1889 నాటికి బెజవాడను జేరినది. ఆ దారి పడిన నాటినుండి ఈ ప్రాంతపు రైతు పండించిన పంటకు ధర నిర్ణయించువాడు ఊరి షావుకారు మాత్రమే కాడు. సముద్రము దాటి యున్నవాడు గూడ నైనాడు. ఈ సంగతిని మన పెద్దలు చక్కగ గ్రహించిరి. 1922వ సంవత్సరమున మనకు దాపుననున్న ఇనుగుర్తి గ్రామమున ఒద్దిరాజు సీతారామచంద్రరావుగారును, వారి సోదరులు రాఘవరంగారావుగారును "తెనుగు పత్రిక" యను వారపత్రికను వెలువరించిరి. అది రాజధాని కాదు, జిల్లా కేంద్రమును కాదు; ఒక పల్లె. సంస్థానమున సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసిన దినములవి. నర్సంపేట చెంతనున్న లక్నేపల్లిలో 1921లో జన్మించిన పి.వి. నరసింహారావుగారును, వారి మిత్రులు పాములపర్తి సదాశివరావుగారును పిమ్మట ఓరుగల్లున "కాకతీయ పత్రిక"ను నడిపిరి. కావున లోకవ్యవహారములను విమర్శించు హక్కు మనకు క్రొత్తగా నెవ్వరును దయచేయవలసిన పని లేదు. అది మన పెద్దలు విడిచిపోయిన యాస్తి.

మా దృష్టిని గూర్చి యొక మాట ముందుగా చెప్పుట న్యాయము. మేము వడివడి మార్పులను గోరువారము కాము. ఉన్నదానిని కాపాడుకొనుచు, చెడినదానిని బాగుచేసికొనుచు, క్రొత్తదానిని పరీక్షించి గ్రహింపవలెనను పక్షమునకు చెందినవారము. ఈ పక్షమును ఛాందసమని హేళన చేయుట సులభము. కాని పాకాల చెరువును చూడుడు. గణపతిదేవ చక్రవర్తి కాలమున, క్రీ.శ. 1213 ప్రాంతమున కట్టబడిన యా చెరువు ఎనిమిది వందల యేండ్ల పిమ్మటను పొలములకు నీరిచ్చుచున్నది. కట్టించినవారి పేరు శాసనమున నిలిచినది. కట్ట తెగకుండ, తూము పూడకుండ తరతరములుగా కాచినవారి పేరు ఎచ్చటను లేదు. మేము గౌరవించునది ఈ పేరులేని కాపరులను. రాజ్యమును నిర్మించుట యెంత గొప్పయో, నిర్మించినదానిని నిలుపుకొనుట అంత గొప్ప.

నిలుపుకొనుట యనగా నిలువ యుంచుకొనుటయు నగును. కొట్టులో గింజ యున్న కుటుంబము అప్పులవాని మాటకు జంకదు. నిలువ లేని కుటుంబము ఎంత రోషము గలదైనను మూడవ దినమున తల వంచును. రాజ్యములకును ఇదే ధర్మము. స్వతంత్ర భారతదేశము తన జీవితమున మూడుమారులు ఈ పాఠమును వినవలసి వచ్చినది. మొదటి రెండు పాఠములను నేర్చుకొన్నది. మూడవది యింకను నేర్చుకొనవలసి యున్నది. నేటి వార్తలలో మాకు ముఖ్యముగా కానవచ్చునది ఇదియే.

మొదటి పాఠము తిండిగింజలది. 1965, 1966 సంవత్సరములలో వరుసగా వానలు తప్పినవి. 1966లో సుమారు కోటి టన్నుల ధాన్యమును విదేశములనుండి తెచ్చుకొంటిమి. అందులో అధికభాగము అమెరికా గోధుమలు. ఆ దేశాధ్యక్షుడు జాన్సను ఓడలను ఒక్కొక్కటిగా, మన రాజనీతి తనకు నచ్చిన మేరకు వదలుచు వచ్చెను. వియత్నాము యుద్ధమును గూర్చి మనము పలికిన పలుకునకు గూడ ఆ గోధుమలతో ముడి పడినది. ఆ యవమానము వృథా పోలేదు. 1965లో ఆహార సంస్థ యేర్పడినది, క్రొత్త విత్తనములు వచ్చినవి, మద్దతు ధర యను పద్ధతి వచ్చినది. 2020లో మహమ్మారి వ్యాపించినప్పుడు దేశమంతటను పేదలకు ఉచితముగా బియ్యము, గోధుమలు పంచగలిగితిమి. అది గిడ్డంగులలో గింజ యుండుట చేతనే సాధ్యమైనది.

రెండవ పాఠము బంగారముది. 1991 జూను 21వ తేదీన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి యైన నాటికి దేశపు విదేశీ ద్రవ్యము మూడు వారముల దిగుమతులకైనను చాలని స్థితిలో నుండెను. జూలైలో సుమారు 47 టన్నుల బంగారమును ఇంగ్లండు, జపాను దేశముల బ్యాంకులకు తాకట్టు పెట్టవలసి వచ్చెను. ఇంటి పుస్తెలను కుదువబెట్టిన గృహస్థునకు గల బాధ యెట్టిదో మన ప్రాంతపు రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ జూలై 24వ తేదీన ప్రకటించిన క్రొత్త పారిశ్రామిక విధానమును పలువురు విప్లవమనిరి. మాకు మాత్రము అది విప్లవముగా తోచలేదు. దివాలా యంచున నిలిచిన సంసారమును, గడప దాటనీయక, పెద్దరికముతో చక్కదిద్దిన పనిగా తోచినది. 1959లో ఆచార్య రంగాగారును, రాజాజీగారును స్వతంత్ర పార్టీని స్థాపించి, అనుమతుల రాజ్యము, ఉమ్మడి సేద్యము వలదని చెప్పినప్పుడు వారిని అభివృద్ధి నిరోధకులనిరి. ముప్పది రెండేండ్ల తరువాత కాంగ్రెసు ప్రభుత్వమే ఆ యనుమతులలో ననేకమును తీసివేసినది.

ఈ పాఠమును గూడ దేశము నేర్చుకొన్నది. 2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి వద్ద 200 టన్నుల బంగారమును కొన్నది. 2022లో రష్యా ఉక్రెయిను మీదికి దండెత్తినంతట, పాశ్చాత్య దేశములు తమ యధీనమందున్న రష్యా ద్రవ్యమును, సుమారు 300 బిలియను డాలర్ల మేరకు, స్తంభింపజేసినవి. రష్యా చేసినది తప్పని మేమందుము. కాని యితరుల పెట్టెలో నున్న ధనము కష్టకాలమున మనది కాదను సత్యము ఆనాడు లోకమునకంతకును తెలిసినది. మన రిజర్వు బ్యాంకు లండనులో దాచిన బంగారములో 100 టన్నులను 2024లో స్వదేశమునకు దెచ్చుకొన్నది. 2025 మార్చి నాటికి ఆ బ్యాంకు బంగారము సుమారు 880 టన్నులు.

ఇక మూడవ పాఠమునకు వత్తము. ఇది మన యూరిది, మన పొలముది.

2025 ఆగష్టు, సెప్టెంబరు మాసములలో తెలంగాణమంతటను యూరియా బస్తా కొరకు రైతులు తెల్లవారక మునుపే సహకార సంఘముల ముందు వరుస కట్టిరి. వరుసలో మనుష్యులకు మారుగా చెప్పులును, పాసుపుస్తకములును పెట్టి కాచుకొనిరి. మక్కకును, వరికిని మందు వేయవలసిన అదను దాటిపోవుచుండ, ఢిల్లీవారు హైదరాబాదు వారిని, హైదరాబాదు వారు ఢిల్లీ వారిని నిందించుకొనిరి. నిందలో ఇరువురకును కొంత కొంత పాలు కలదు. కాని అసలు కారణము ఇరువురి వాదములకును క్రిందుగా నున్నది. చైనా యెగుమతులను బిగించినది. ఎఱ్ఱసముద్రపు దారి 2023 చివరి నుండి ఓడలకు భయస్థానమైనది. ఆ జూనులో ఇరాను, ఇశ్రాయేలు పండ్రెండు దినములు పోరినప్పుడు గల్ఫు దేశముల సరుకునకును అనిశ్చితి కలిగినది. మన రామగుండపు కర్మాగారము యంత్రలోపముచే కొంతకాలము నిలిచినది. నాలుగు దిక్కుల నాలుగు కారణములు కూడి, చివరకు ఒక ముసలి రైతును సంఘము గడపలో కూర్చుండబెట్టినవి.

రామగుండము కథ నొకసారి తలచుకొనుడు. అచ్చటి పాత కర్మాగారము 1980లో బొగ్గును ఆధారముగా జేసికొని యుత్పత్తి నారంభించినది; నష్టములపాలై 1999లో మూతబడినది. మరల 2021లో, సంవత్సరమునకు పండ్రెండున్నర లక్షల టన్నులకు మించిన శక్తితో, సహజవాయువు మీద నడుచు క్రొత్త కర్మాగారము ప్రారంభమైనది. నడుమ గడచిన యిరువది రెండేండ్లు ఎవ్వరి లెక్కలోను లేవు! చెరువు తెగిన యేడే గండి పూడ్చని గ్రామమును మనము నిందింతుము. కర్మాగారము మూతబడిన రెండు దశాబ్దములు ఊరకున్న ప్రభుత్వములను, అవి ఏ పక్షమువైనను, ఏమనవలెను? ఆ సహజవాయువులోను దేశమునకు కావలసినదానిలో ఇంచుమించు సగము ఓడల మీదనే రావలెను. పొటాషు ఎరువు సర్వమును పరదేశముదే. ముడిచమురు నూటికి 85 పాళ్లకు మించి పరదేశముది. వంటనూనె సగమునకు మించి పరదేశముది. గింజయు, బంగారమును మనవియైన పిమ్మటను, ఆ గింజ పండుటకు కావలసిన బలము ఇతరుల చేతిలో నున్నది.

అట్లయిన రసాయనపు ఎరువులను నేడే మానివేయుడని కొందరు సెలవిత్తురు. పొరుగుననున్న సింహళద్వీపమును చూడుడని మేము వారిని ప్రార్థించుచున్నాము. 2021లో ఆ దేశాధ్యక్షుడు ఒక్క యాజ్ఞతో రసాయనపు ఎరువుల దిగుమతిని నిషేధించెను. ఉద్దేశము మంచిదే కావచ్చును. వరి దిగుబడి కూలినది, తేయాకు తోటలు చిక్కినవి, కొన్ని మాసములలోనే యా యాజ్ఞను ఉపసంహరింపవలసి వచ్చినది. అప్పులు, ఇతర కష్టములు తోడై, 2022 జూలైలో ఆ యధ్యక్షుడు దేశము విడిచి పారిపోయెను. శతాబ్దముల సేద్యమును ఒక ప్రకటనతో మార్పజూచిన ఫలమిది. మరియొక దిక్కున, మన దేశమున 45 కిలోల యూరియా బస్తా రైతునకు 266 రూపాయల 50 పైసలకే దొరకును; దాని నిజమైన వెల అంతకు అనేక రెట్లు. మిగిలినది ఖజానా భరించును. చవుకయైన వస్తువును మనుష్యుడు మితముగా వాడడు. పొలమునకు కావలసినదానికంటె నెక్కువ చల్లుచున్నామని పెద్దరైతులే యొప్పుకొందురు. కావున మార్గము మధ్యమున నున్నది: నేలను పరీక్షింపించి మోతాదు తగ్గించుట, పెంటయు పచ్చిరొట్టయు మరల అలవాటు చేసికొనుట, ఏటేట కొంచెము కొంచెముగా పరాధీనతను తగ్గించుట, అందాక స్వదేశపు కర్మాగారములను నిలుపుకొనుట. ఇది కరతాళధ్వనులు తెచ్చు మాట కాదు. కాని కడుపు నిండునట్టి మాట.

ఎరువు కథ తరువాత పత్తి కథ వినదగినది. అమెరికా ప్రభుత్వము మన సరుకుపై 2025 ఆగష్టు 7వ తేదీనుండి నూటికి 25 పాళ్లును, మనము రష్యా చమురు కొనుచున్నామను నెపమున ఆగష్టు 27వ తేదీనుండి మరియొక 25 పాళ్లును సుంకము విధించినది. 1966లో గోధుమలతో చేసిన పనినే ఆ దేశము ఈసారి సుంకముతో చేయజూచినది. రైతుల, పశుపాలకుల, మత్స్యకారుల మేలు విషయమున రాజీపడబోమని ప్రధానమంత్రి ఆ ఆగష్టు 7వ తేదీననే ఢిల్లీలో ప్రకటించిరి. ఆ మాట విని మేమును హర్షించితిమి. అయితే పదునొకండు దినములకే, దిగుమతి యగు పత్తిపైనున్న నూటికి 11 పాళ్ల సుంకమును కేంద్ర ప్రభుత్వము తాత్కాలికముగా ఎత్తివేసినది. మొదట సెప్టెంబరు చివరి వరకు, పిమ్మట డిసెంబరు చివరి వరకు. అమెరికా విపణి మూతబడి బట్టల మిల్లులు కష్టములో నున్నవని ప్రభుత్వపు సమాధానము. ఆ కష్టము నిజమే. మిల్లు కూలీయు మనవాడే. కాని నలుబది లక్షల యెకరములకు మించి పత్తి వేసిన తెలంగాణమున, పంట చేతికి వచ్చు ముందే తలుపు తెరచుట ఎట్టి న్యాయము? పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతు ధరయని చెప్పిరి. అక్టోబరు చివర "మొంథా" తుపాను ఓరుగల్లు ప్రాంతమును ముంచెత్తినది. తేమ నూటికి 12 పాళ్లు మించిన పత్తిని కొనరాదను నిబంధన మాత్రము చెక్కుచెదరలేదు. ఆకాశము తడిపిన పత్తికి రైతు శిక్ష ననుభవించెను.

సుంకముల లెక్కలు నెలనెలకు మారును. వాటి వెనుకనున్న ధర్మము మారదు. 1861 నుండి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు మన దేశపు పత్తికి బంగారపు ధర పలికినది. యుద్ధము ముగియగనే యా ధర నేల గూలినది. ఇతరుల యవసరమున పుట్టిన గిరాకి ఇతరుల యవసరముతోనే చచ్చును. మన పత్తి మన మగ్గమునకు, మన మిల్లునకు చేరవలెనను స్వదేశీ సూత్రము ముసలివారి చాదస్తమని త్రోసివేయదగినది కాదు. ఓరుగల్లున 1934లో స్థాపించిన ఆజంజాహి మిల్లు ఉండగా మనకది కనులయెదుట నుండెను. ఆ మిల్లును పోగొట్టుకొంటిమి. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ వస్త్రపరిశ్రమ వాటికయైనను మన పత్తిని మనచేతనే వడికించునట్లు చూచుట నాయకుల విధి. చూచుచున్నారా యని యడుగుట మన విధి.

అప్పును గూర్చియు నొక మాట. 1853లో నిజాము ప్రభుత్వము ఇంగ్లీషువారి సైన్యపు జీతపు బాకీ క్రింద, పత్తి పండు సారవంతమైన బేరారును కుంపినీ వారి స్వాధీనము చేసినది. అది మరల తిరిగి రాలేదు. ఎన్నికల వేళ పక్షములన్నియు పోటీపడి యిచ్చు వాగ్దానములను విన్నప్పుడెల్ల మాకు బేరారు జ్ఞప్తికి వచ్చును. పేదకు సహాయము చేయవలదని మేమనము; ఆపన్నుని ఆదుకొనుట మన ధర్మమే. కాని అప్పుచేసి పప్పుకూడు పెట్టు దొర రేపటి వడ్డీని ఈ బిడ్డల తలపై నుంచుచున్నాడని తెలిసికొనుడు. వాగ్దానము చేయువానిని "ఎంత?" అని మాత్రమే కాక "ఎక్కడనుండి?" అని గూడ అడుగుడు.

గింజ, బంగారము, ఎరువు అను మూడు నిలువలను చెప్పితిమి. వీటికి తాళపుచెవి వంటి నిలువ మరియొకటి కలదు. అది నమ్మకము. 2025 ఏప్రిలు 22వ తేదీన పహల్గాములో 26 మందిని దుర్మార్గులు చంపిరి. మే 7వ తేదీన మన సైన్యము శత్రుస్థావరములపై దాడిచేసినది. అది న్యాయమైన దండన. కాని ఆ మరునాటి రాత్రి కొన్ని దూరదర్శన వార్తాసంస్థలు, మన నౌకాదళము కరాచీ రేవును ధ్వంసము చేసినదని కేకలు వేసినవి. తెల్లవారునప్పటికి అది వట్టిమాట యని తేలినది. సైనికుడు నిజముగా గెలిచిన గెలుపును అబద్ధపు గెలుపుతో కలిపి చులకన చేయుట దేశభక్తి యగునా? మే 10వ తేదీన కాల్పుల విరమణ వార్త మన ప్రభుత్వము నోటికంటె ముందు అమెరికా అధ్యక్షుని నోట వెలువడినది. ఇరుదేశముల సైనికాధికారులే నేరుగా మాటలాడుకొనిరని మన ప్రభుత్వము పిమ్మట చెప్పవలసి వచ్చెను. మన మాటను మనమే ముందు చెప్పుకొనుట గూడ స్వాతంత్ర్యములో నొక భాగము.

నమ్మకము చెడిన దేశమేమగునో నేపాళము చూపినది. 2025 సెప్టెంబరులో అచ్చటి ప్రభుత్వము సామాజిక మాధ్యమములను నిషేధించినది, అవినీతిపై నంతకు మున్నే మండుచున్న యువకులు వీధులకెక్కిరి, తుపాకులు పేలినవి, రెండు దినములలో ప్రభుత్వము కూలినది, పార్లమెంటు భవనము కాలినది. వయసు పిల్లల కోపము అన్యాయమని మేమనము. కాలిన భవనమును, పోయిన ప్రాణములను మాత్రము ఏ నినాదమును తిరిగి తేజాలదు. కోపము ముదిరి నిప్పగుటకు మునుపే వినగల సంస్థలు ఊరూర నుండవలెను.

మన యూళ్లలో అట్టి సంస్థ గ్రామ పంచాయతి. 2024 ఫిబ్రవరితో తెలంగాణమున సర్పంచుల పదవీకాలము ముగిసినది. తరువాత ఇంచుమించు రెండేండ్లు, 12,700కు పైగా గ్రామములు అధికారుల పాలనలో నడచినవి. కేంద్రపు నిధులు నిలిచినవి. వీధిదీపము మొదలు మురికికాలువ వరకు అడుగుటకు మనిషి లేకుండెను. కడకు 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో ఎన్నికలు జరిగినవి. ఢిల్లీ సింహాసనము ఒక్క దినము ఖాళీగా నుండిన లోకము తలక్రిందులగును. ఊరి పీఠము రెండేండ్లు ఖాళీగా నుండిన ఎవ్వరికిని నిద్ర చెడలేదు. మేము పూర్వమర్యాదలను గౌరవించువారము గనుకనే దీనిని పెద్ద వార్తగా నెంచుచున్నాము. కొన్ని యూళ్లలో సర్పంచి పదవిని వేలము వేసి ఏకగ్రీవమనిపించుకొన్నారను వార్తలు చదివితిమి. ఏకగ్రీవము పూర్వులు మెచ్చిన పద్ధతి. వేలము మాత్రము పశువుల సంతకు తగినది.

చిన్న కట్టడముల విలువ తెలియుటకు మనకు దూరపు దృష్టాంతము లక్కరలేదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన కురిసిన కుండపోత వానకు ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుకట్ట కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడినవి. ఉత్తర దేశమునకును, దక్షిణ దేశమునకును నడుమ నడచు బండ్లు దినముల తరబడి నిలిచిపోయినవి. దేశపు రాజమార్గము మన పల్లెల వాగులు, చెరువులు, మత్తళ్లు చక్కగ నుండుటపై నాధారపడి యున్నదని ఆనాడు ఢిల్లీకి తెలిసినదో లేదో కాని, మనకు తెలిసినది.

కావున ఈ పఠనమందిరము వారికి మాదొక విన్నపము. పత్రికలు చదువుటతో పని ముగిసెనని తలపకుడు. యార్డులో పలికిన పత్తి ధరయు, మక్కల ధరయు, మిర్చి ధరయు వారమువారము ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. రెండేండ్లకు ఆ పుస్తకము ఏ మంత్రి యుపన్యాసము కంటెను నిజము చెప్పును. చేతిపెట్టెలో వచ్చిన వార్తను ఇంకొకరికి పంపుటకు మునుపు ఒక రాత్రి నిద్రింపనిండు. తెల్లవారినను బ్రతికియున్న వార్తయే వార్త. గ్రామసభకు పోయి జమాఖర్చులు అడుగుడు. వానకు ముందు చెరువు కట్టను చూచి రండు. చదువురాని రైతునకు వారమున కొకసారి పత్రికను బిగ్గరగా చదివి వినిపింపుడు. ఇవి చిన్న పనులు. ఇనుగుర్తి సోదరులు చేసినదియు ఒక పల్లెలో కూర్చుండి చేసిన చిన్న పనియే. నూరేండ్ల పిమ్మట మనము దానిని తలచుకొనుచున్నాము.

లోకము పెద్దది, దాని గాలివానలను మనము శాసింపజాలము. వాషింగ్టనులో ఎవరు గెలిచినను, పెకింగులో ఎవరేమి తలచినను, సముద్రపు దారులు తెరచినను, మూసినను, కొట్టులో గింజయు, నేలలో సారమును, పెట్టెలో ధనమును, మాటలో సత్యమును గల దేశము నిబ్బరముగా నిలుచును. ఈ నిలువను కూర్చుట ఒక్క ప్రభుత్వము వలన, ఒక్క తరము వలన నగునది కాదు. ఎవరి పాలు వారు కూర్చి, తరువాతి వారి చేతికి చెడకుండ నందింపవలెను.